నెలనెలా 399 కట్ అవుతోంది, ఎవరికో అర్థం కావడం లేదు

పెదలంక కుర్రోడు
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి తప్పలేదు.

మా మేనమామకి అరవై మూడేళ్లు. అత్తయ్య పోయి మూడేళ్లయింది. కోనసీమలో కొబ్బరితోట చూసుకుంటూ ఒక్కడే ఉంటాడు. మొన్న ఆదివారం వెళ్తే "ఒరేయ్, గ్యాసు సబ్సిడీ పడిందేమో చూడు" అని ఫోను చేతికిచ్చాడు. బ్యాంకు యాప్ తెరిచాను. సబ్సిడీ సంగతి అటుంచండి, జనవరి నుంచి ప్రతి నెలా 7వ తేదీన 399 రూపాయలు పోతున్నాయి. ఐదు నెలలు. మొత్తం 1995. ఎవరికి వెళ్లాయా అని చూస్తే ఎప్పుడూ వినని ఏదో ప్రైవేట్ లిమిటెడ్ పేరు.

"ఇదేంటి మామయ్యా" అంటే "ఏమోరా, కరెంటు బిల్లేమో" అన్నాడు. కరెంటు బిల్లు నెలనెలా ఒకే అంకె రాదు కదా. రెండోసారి అడిగితే విసుక్కుని తోటలోకి వెళ్లిపోయాడు.

ఇక మెసేజ్‌ల డబ్బా చూడాలి. చదవనివే 2,146. అప్పు కావాలా, రమ్మీ ఆడతారా, ప్లాటు కొంటారా. వాటి మధ్య రోజుకి నాలుగైదు ఇలాంటివి: "మీకు 3 కొత్త మెసేజ్‌లు వచ్చాయి. ఒకరు మీ ప్రొఫైల్ చూశారు. ఇప్పుడే చూడండి." కింద ఒక లింకు. కొత్తవాళ్లని పరిచయం చేసే సైటట. ఈ సైటుకీ ఆ 399కీ సంబంధం ఉందంటారా? ఫోన్లో మాత్రం అలాంటి యాప్ ఏదీ కనపడలేదు.

కరీంనగర్ కిరాక్
ఉంది అన్నా. నూటికి నూరు పాళ్లు ఉంది. మీ మామయ్య వాడే యూపీఐ యాప్ తెరిచి, ప్రొఫైల్‌లోకి పోయి "ఆటోపే" అని ఉంటది చూడు. కొన్నిట్ల "మాండేట్లు" అని ఉంటది, అంటే నెలనెలా పైసలు తీసుకోమని ముందే ఇచ్చిన పర్మిషన్. అక్కడ ఆ కంపెనీ పేరు కనపడుతది. యాప్ డిలీట్ చేసినా అది పోదు. మా తమ్ముడు ఇట్లనే ఒక వీడియో యాప్ తీసేసి, అయిపోయిందనుకుని ఎనిమిది నెలలు పైసలు కట్టిండు.

నిజం చేదు
ఎవరూ ఊరికే డబ్బు లాక్కోరండీ. పెద్దాయన ఎక్కడో నొక్కారు, పిన్ కూడా కొట్టారు. పిన్ కొట్టకుండా ఆటోపే పెట్టడం కుదరదు. కంపెనీని తిట్టే ముందు ఆయన్ని కూర్చోబెట్టి అడగండి.

బ్యాంకు బల్ల
నిజం చేదు గారు చెప్పినదాంట్లో సగం నిజమే. మొదటిసారి పిన్ కొట్టాల్సిందే. ఆ తర్వాత మాత్రం పిన్ అడగదు, దాని పేరే ఆటోపే. యూపీఐలో ఇది 2020 జూలైలో వచ్చింది. ఇలా పదే పదే కట్ అయ్యే చెల్లింపులకి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలవుతున్నాయి. మొదట 5,000 వరకు మళ్లీ పిన్ గానీ ఓటీపీ గానీ లేకుండా పోయేది, 2022 జూన్‌లో దాన్ని 15,000 చేశారు. 399 ఏపాటి?

కానీ అదే నియమాల్లో ఇంకోటి కూడా ఉంది. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకి కబురు రావాలి: ఎవరికి, ఎంత, ఎప్పుడు. వద్దనుకుంటే ఆ లోపు ఆపుకోవచ్చు. మీ మామయ్య ఫోన్లో ప్రతి నెలా 6వ తేదీ మెసేజ్‌లు ఒకసారి వెతకండి.

మా కౌంటరుకి వారానికి ఒకరైనా ఇదే గొడవతో వస్తారు. పాసుబుక్కు ప్రింటు వేయించుకుంటుంటే అప్పుడు కనపడుతుంది. "ఈ 199 ఏంటి బాబూ" అని. అప్పటికి ఏడాది అయి ఉంటుంది.

పెదలంక కుర్రోడు
దొరికింది! కిరాక్ అన్నా, చెప్పిన చోటే ఉంది. జనవరి 4న పెట్టిన మాండేట్. మొదట 1 రూపాయి, 7 నుంచి నెలకి 399, రద్దు చేసేదాకా.

బల్ల గారూ, 6వ తేదీ మెసేజ్‌లు కూడా వెతికాను. వచ్చాయండీ. ఐదు నెలలూ వచ్చాయి. మే 6న ఎలా వచ్చిందో చెబుతాను. మధ్యాహ్నం 2:10కి "5 లక్షల అప్పు మంజూరైంది, వెంటనే నొక్కండి". 2:14కి బ్యాంకు వాళ్ల కబురు, ఇంగ్లీషులో, రెండున్నర లైన్లు. 2:15కి "రమ్మీ ఆడండి, 10,000 బోనస్". 2:31కి "మీ కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు". ఆయనకి కావాల్సిన ఒకే ఒక్క మెసేజ్ ఆ చెత్త కింద పడి ఉంది. మా మామయ్య తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదువుతాడు, ఇంగ్లీషు అంటే సంతకం వరకే.

ఇంకో తమాషా. ఆ సైటు డబ్బు అడిగే పేజీని నా ఫోన్లో తెరిచి చూశాను. పసుపు రంగు బటన్ మీద "1 రూపాయికే మాట్లాడండి" అని తెలుగులో, అరచేతి వెడల్పున ఉంది. దాని కింద బూడిదరంగులో, నూకల్లాంటి అక్షరాల్లో, 3 రోజుల తర్వాత 399 సంగతి. అది ఇంగ్లీషులో. డబ్బు అడగడానికి తెలుగు వచ్చింది, షరతు చెప్పడానికి రాలేదు.

అత్తిలి అక్క
ఆ చివరి వాక్యం చదివి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

ముందు ఆ మాండేట్ రద్దు చెయ్యి తమ్ముడూ, కబుర్లు తర్వాత. "పాజ్" నొక్కకు, అది తాత్కాలికంగా ఆపడమే. "క్యాన్సిల్" కానీ "రివోక్" కానీ ఉంటుంది. దానికీ పిన్ అడుగుతుంది, మామయ్య చేతే కొట్టించు. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో కూడా ప్రొఫైల్ బొమ్మ నొక్కి "పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్" చూడు. కొందరు అక్కడొకటి, ఇక్కడొకటి పెట్టి ఉంచుతారు.

మాజీ హెడ్‌సెట్
ఈ చర్చ చూసి పాత రోజులు గుర్తొచ్చాయి. 2009 నుంచి నాలుగేళ్లు హైదరాబాదులో ఒక మొబైల్ కంపెనీ కాల్ సెంటర్లో చేశాను. పేరు వద్దులెండి. అప్పుడు ఈ ఆటోపే పాత్ర ప్రీపెయిడ్ బ్యాలెన్సుది.

గుర్తుందా? బ్యాలెన్స్ చూసుకుందామని స్టార్ 123 హ్యాష్ కొడితే, బ్యాలెన్స్ చూపించి, వెంటనే ఇంకో డబ్బా తెర మీదకి వచ్చేది: "ఫ్రెండ్‌షిప్ చాట్, కొత్త స్నేహితులతో మాట్లాడండి, ఓకే." దాన్ని వదిలించుకోవాలని జనం ఓకే నొక్కేవాళ్లు. 30 రూపాయలు హుష్. ఎవరికైనా ఫోన్ చేస్తే కాలర్ ట్యూన్ మధ్యలో "ఈ పాట కావాలంటే స్టార్ నొక్కండి" అనేది, జేబులో ఫోను దానంతటదే నొక్కుకునేది. జోకులు, జాతకం, క్రికెట్ స్కోరు, ప్రేమ చిట్కాలు. కూలికి వెళ్లే వాళ్లు 50 రూపాయల రీఛార్జ్ చేయించుకుని ఇంటికి వెళ్లేలోపు 20 మిగిలేది. ఫోన్ చేసి ఏడ్చిన వాళ్లున్నారు.

మాకేమో స్క్రిప్టు: "సార్, మీ నంబరు నుంచే అభ్యర్థన వచ్చింది." నిజం చేదు గారు పైన చెప్పిన మాటే.

చివరికి టెలికాం కంపెనీల మీద నియంత్రణ చూసే ట్రాయ్ కలగజేసుకుంది. 2013 జూలైలో ఇచ్చిన ఆదేశాలతో, కస్టమరు ఒకసారి ఒప్పుకుంటే చాలదు, రెండోసారి విడిగా ఖాయం చేస్తేనే సేవ మొదలుపెట్టాలి. ఆపడానికి అన్ని కంపెనీలకీ ఒకే ఉచిత నంబరు, 155223. ఇప్పటికీ మొబైల్ బ్యాలెన్స్ నుంచే డబ్బు కట్ అవుతున్నవాళ్లు ముందు ఆ నంబరుకి చెయ్యండి.

ఆ ఆదేశం వచ్చిన నెల మా ఫ్లోరులో కాల్స్ తగ్గాయి. సంతోషించాం. తర్వాత ఉద్యోగాలూ తగ్గాయనుకోండి, అది వేరే కథ.

కరీంనగర్ కిరాక్
అన్నా, సంక్రాంతికి, న్యూ ఇయర్‌కి మెసేజ్ ప్యాక్ పనిచేయకపోవుడు యాదికున్నదా? పండగ శుభాకాంక్షలు పంపితే ఒక్కోదానికి రూపాయి. "బ్లాకౌట్ డే" అనేటోళ్లు. నేను ఒక న్యూ ఇయర్ రాత్రి తరగతి మొత్తానికి పంపి, తెల్లారి ఇంటికి మిస్డ్ కాల్ ఇయ్యడానికి కూడా బ్యాలెన్స్ లేక కూర్చున్న.

డాలస్ దోసె
ఇది మన దగ్గరే అనుకోకండి. నేను 2011లో అమెరికా వచ్చాను. మొదటి ఏడాది ఫోను బిల్లులో నెలకి 9.99 డాలర్లు ఏదో "ప్రీమియం సేవ" కింద పడేది. నలుగురం ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండేవాళ్లం, బిల్లు నాలుగు భాగాలు చేసుకుని ఎవరి వాటా వాళ్లు ఇచ్చేసేవాళ్లం. అది నా నంబరు మీదే పడుతోందని ఏడు నెలలకి తెలిసింది. ఫేస్‌బుక్ పక్కన వచ్చే "మీ ఐక్యూ ఎంత" ప్రకటనలో ఫలితం కోసం నంబరు ఇచ్చానన్నమాట. ఐక్యూ ఎంతో అప్పుడే తేలిపోయింది.

ఇక్కడ దీన్ని "క్రామింగ్" అంటారు. బిల్లులో కూరేయడం. ఇక్కడ వినియోగదారుల సంగతి చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో ఫోను కంపెనీ టీ మొబైల్ మీద కేసు వేసింది, కనీసం 9 కోట్ల డాలర్లకి ఒప్పందమైంది. అదే ఏడాది ఏటీ అండ్ టీ 10.5 కోట్లు. 2015 మేలో వెరైజన్, స్ప్రింట్ కలిపి 15.8 కోట్లు. జాతకాలు, ప్రేమ చిట్కాలు, సినిమా కబుర్ల మెసేజ్‌లు. సరిగ్గా హెడ్‌సెట్ గారు చెప్పిన సరుకే. నెలకి పది డాలర్లలోపు ఉంటే ఎవరూ బిల్లు చదవరని వాళ్లకి తెలుసు.

నిజం చేదు
హెడ్‌సెట్ గారూ, నా మాట స్క్రిప్టులాగే ఉందన్నారు, ఒప్పుకుంటాను. అయినా మన వైపు తప్పు లేదంటే ఎలా? చదవకుండా నొక్కడం మన అలవాటు. రేపు ఇంకోడు వస్తాడు.

అలాగని చట్టం లేకపోలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ "డార్క్ ప్యాటర్న్స్" మీద మార్గదర్శకాలు ఇచ్చింది. జనాన్ని బుట్టలో వేసే 13 రకాల డిజైన్లని పేరు పెట్టి మరీ రాశారు. అందులో చందా ఉచ్చు ఒకటి: చేరడం సులువు చేసి, వదలడం కష్టం చేయడం. ఉచితంగా చూడండి అంటూ ముందే ఆటోపే పెట్టించుకోవడం కూడా అందులోకే వస్తుంది. కుర్రోడు గారూ, ఆ పసుపు బటన్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి, రేపటికి మార్చేస్తారు. 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మాండేట్ తేదీ, కట్ అయిన తేదీలు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

అత్తిలి అక్క
మెసేజ్‌ల గురించి నాకో అనుభవం ఉంది. ఒక సైటులో ఖాతా భద్రత కోసమని ఫోను నంబరు అడిగితే ఇచ్చాను. తర్వాత "మీ స్నేహితుల్ని కనుక్కోండి" అంటే సరే అన్నాను. వారం తిరక్కుండా మా టైలరు ఫోన్ చేశాడు. "అమ్మా, మీరు నన్ను ఏదో గ్రూపులోకి రమ్మన్నారట, రావాలా?" అని. మా అబ్బాయి స్కూలు ప్రిన్సిపాల్‌కీ వెళ్లిందట, నా పేరుతో, నా ఫొటోతో. గ్యాస్ డెలివరీ అబ్బాయికీ. ఫోన్ పుస్తకంలో ఎవరెవరు ఉన్నారో వాళ్లందరికీ. అందరికీ సంజాయిషీ చెప్పుకోలేక చచ్చాను.

పెద్ద పెద్ద సైట్లే ఇందులో దొరికాయి. లింక్డ్‌ఇన్ ఇలా సభ్యుల పేరుతో మళ్లీ మళ్లీ ఈమెయిళ్లు పంపిందని కేసు పడితే 2015లో 1.3 కోట్ల డాలర్లకి రాజీ పడింది. భద్రత కోసమని తీసుకున్న నంబర్లని ప్రకటనలకి వాడుకున్నందుకు ట్విట్టర్ 2022లో అమెరికాలో 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. కాబట్టి "భద్రత కోసం" అనగానే కరిగిపోకండి.

బ్యాంకు బల్ల
మెసేజ్‌లు ఆపడానికి 1909. ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, చోటు వదిలి, సున్నా కొట్టి 1909కి పంపితే ప్రచార మెసేజ్‌లన్నీ వద్దన్నట్టు. లేదా ట్రాయ్ వారి డీఎన్‌డీ (ఇబ్బంది పెట్టొద్దు) యాప్.

అందులో ఒక మెలిక ఉంది. మీరే చేరిన సైటు, మీరే ఒప్పుకున్నారని చెప్పి పంపేవి డీఎన్‌డీ పెట్టినా వస్తాయి. పంపినవారి పేరు చివర ఇప్పుడు గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది, చూశారా? పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి లావాదేవీ, జి ప్రభుత్వం. డబ్బు కట్ అవడం గురించి బ్యాంకు పంపేదానికి పి ఉండదు. ఈ ఒక్క ముక్క మా అమ్మకి నేర్పించాను, సగం టెన్షన్ తగ్గింది.

పెదలంక కుర్రోడు
చూశానండీ. ఆ "ఎదురుచూస్తున్నారు" మెసేజ్‌లకి కొన్నిటికి చివర ఎస్ ఉంది! ఎవరో ఎదురుచూడటం సేవ కిందకి ఎలా వస్తుందో. కొన్ని మామూలు పది అంకెల నంబర్ల నుంచి.

మాజీ హెడ్‌సెట్
ప్రచారాన్ని సేవ అని పంపితే దాని మీదా ఫిర్యాదు చేయొచ్చు. మెసేజ్ మొత్తం, పంపిన పేరో నంబరో, తేదీ రాసి 1909కే పంపాలి. ఇదివరకు మూడు రోజుల్లోపు చేయాల్సి వచ్చేది, 2025 ఫిబ్రవరి సవరణతో ఏడు రోజులు చేశారు. పది అంకెల నంబర్ల మీద తప్పకుండా చేయండి. సొంత నంబర్ల నుంచి ఇలా పంపడం అసలు కుదరదు, ఫిర్యాదులు చేరితే ఆ కనెక్షన్ పీకేస్తారు.

కరీంనగర్ కిరాక్
అందుకే అందరూ ఇప్పుడు వాట్సాప్‌కి మారిండ్రు. దానికి 1909 పనికిరాదు. అక్కడ బ్లాక్, రిపోర్ట్, అంతే.

మోడరేటర్
ఇద్దరు ముగ్గురు ఆ సైటు పేరు, లింకు అడుగుతున్నారు. దయచేసి పెట్టకండి. వెళ్లి చూసొస్తాం అంటూ ఇంకో నలుగురు చేరతారు.

పెదలంక కుర్రోడు
పది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి.

మాండేట్ ఆ రోజే రద్దు చేశాం. కంపెనీకి మెయిల్ పెడితే రెండు నిమిషాల్లో జవాబు: "మీరు నిబంధనలకు అంగీకరించారు." రెండు నిమిషాల్లో మనిషి చదవడు కదా. 1915కి చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఎనిమిదో రోజున కంపెనీ వాళ్లే ఫోన్ చేసి, చివరి రెండు నెలలది, 798, వెనక్కి వేస్తామన్నారు. నిన్న పడింది. మిగతా 1197కి ఇంకా పోరాడదామంటే మామయ్య వద్దన్నాడు. "ఇంక ఎవరికీ చెప్పకురా" అన్నాడు.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, మొదటి రోజు తోటలోకి ఎందుకు వెళ్లిపోయాడో. ఆయనకి ఆ 399 ఎక్కడికి పోతోందో తెలుసు. ఫిబ్రవరి నుంచే తెలుసట. యాప్ తీసేసి, పోనీలే ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. బ్యాంకుకి వెళ్లి అడగాలంటే కౌంటర్లో కుర్రాడు "ఇదేం సైటు తాతా" అంటాడని భయం. ఆ బ్యాంకులో సగం మంది మా ఊరివాళ్లే. నెలకి 399 కట్టడం ఆయనకి అంతకంటే తేలికైంది.

నిజం చేదు గారూ, మీ స్క్రీన్‌షాట్ సలహా పనికొచ్చింది. నిజంగానే ఆ పేజీ మార్చేశారు. ఇప్పుడు షరతు తెలుగులో ఉంది. అక్షరాలు మాత్రం అవే నూకలు.

అత్తిలి అక్క
మీ కౌంటరుకి వారానికి ఒకరు వస్తారన్నారు కదా బల్ల గారూ. రానివాళ్లు ఎంతమందో.

బ్యాంకు బల్ల
అదే అనుకుంటున్నానండీ. రేపటి నుంచి ఇలాంటివి పక్కకి పిలిచి మాట్లాడతాను. క్యూలో అందరి ముందూ "ఏ సైటు" అని గట్టిగా అడిగినవాణ్ణి నేనూ ఒకణ్ణే.

డాలస్ దోసె
మామయ్య గారు ఇప్పుడెలా ఉన్నారు?

పెదలంక కుర్రోడు
బాగున్నాడు. నిన్న సాయంత్రం కూర్చుని చదవని 2,146 మెసేజ్‌లూ ఇద్దరం తుడిచేశాం. చివర్లో ఆ సైటువి మాత్రం మిగిల్చి, ఒక్కొక్కటీ తెరిచి చూపించాను: జనవరిలో "లహరి మీ కోసం ఎదురుచూస్తోంది", మార్చిలో అదే వాక్యం, మేలో అదే వాక్యం, కామా కూడా మారలేదు. మిషను పంపేది మామయ్యా, అన్నాను.

"నాకు తెలీదా ఏంటి" అన్నాడు. కాసేపాగి "సాయంత్రం ఏడింటికి వచ్చేది. ఆ టైముకి ఇంక ఏ ఫోనూ మోగదు కదా" అన్నాడు.

రోజూ ఏడింటికి నేను చేస్తున్నాను. మొన్న మర్చిపోయాను, ఏడుంపావుకి ఆయనే మిస్డ్ కాల్ ఇచ్చాడు.